పాత బండిని చట్టప్రకారం తుక్కుకు ఇవ్వడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సెల్లార్ మూలలో దుమ్ము కొట్టుకుపోయిన స్కూటరు, వీధిలో టైర్లు నేలకంటుకుపోయిన కారు. వదిలించుకోవాలని అందరికీ ఉంటుంది, ఎవరిని పిలవాలి, ఏ కాగితం తీసుకోవాలి అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. మన దేశంలో రిజిస్టరైన సొంత కార్లు, ద్విచక్ర వాహనాల యజమానుల కోసం ఈ పేజీ. బండి మీ గుమ్మం ముందు నుంచి కదిలిపోగానే పని అయిపోయిందనుకోకండి. రవాణా శాఖ రికార్డులో ఆ నంబరు రద్దయి, మీ పేరు దాని నుంచి తొలగే వరకు ఆ బండి మీదే. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క సంగతే.

పాత ఇనుము కొనేవాళ్లు ఇంటికే వచ్చి, చేతిలో డబ్బు పెట్టి తీసుకెళ్తామంటున్నారు. ఇచ్చేస్తే ఏమవుతుంది?

ఆ రోజుకు ఏమీ కాదు. అందుకే ఇంతమంది ఇచ్చేస్తున్నారు. చిక్కంతా తర్వాత మొదలవుతుంది.

మీ కారును కొన్నవాళ్లు దాన్ని నిజంగానే ముక్కలు చేస్తారని హామీ ఏమీ లేదు. ఇంజను కాస్త బాగుంటే నాలుగు మరమ్మతులు చేసి, ఊరవతల క్వారీలోనో ఇటుక బట్టీ దగ్గరో తిప్పుకోవడానికి ఇంకొకరికి అమ్మేస్తారు. ఇన్సూరెన్స్ ఉండదు, ఫిట్‌నెస్ ఉండదు, నంబరు ప్లేటు మాత్రం మీది. అది ఎవరినైనా గుద్దితే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది రికార్డులో ఉన్న పేరు కోసం. బండి చేతులు మారి మారి వేరొకరి దగ్గర ఉన్నా సరే, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే చట్టం దృష్టిలో యజమాని అనీ, ప్రమాద పరిహారం బాధ్యత వాళ్లదే అనీ సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఒక కేసులో తేల్చి చెప్పింది. "నేను ఎప్పుడో అమ్మేశాను సార్" అన్న మాట అక్కడ నిలబడదు.

ఇంకో రకం మోసం దీనికంటే ప్రమాదకరం. బండి పాడైపోయినా ఆర్సీకి, ఛాసిస్ నంబరుకి (బండి చట్రం మీద చెక్కి ఉండే గుర్తింపు నంబరు) దొంగల దగ్గర మంచి గిరాకీ ఉంటుంది. అదే మోడల్, అదే రంగు కారును ఎక్కడో దొంగిలించి, మీ బండి ఛాసిస్ నంబరున్న ముక్కను కోసి దానికి అతికించి, మీ ఆర్సీతో దర్జాగా అమ్మేస్తారు. కాగితాల్లో అది మీ బండే. ఆ కారు రేపు ఏ నేరంలో దొరికినా మొదట విచారణకు పిలిచేది మిమ్మల్నే.

పాత ఇనుము వ్యాపారులందరూ మోసగాళ్లని అనడం లేదు. నిజాయతీగా బతికేవాళ్లు ఎందరో ఉన్నారు. అయితే రిజిస్ట్రేషన్ రద్దుకు పనికొచ్చే సర్టిఫికెట్ ఇచ్చే అధికారం వాళ్లకు లేదు. ఎంత మంచివాళ్లయినా మీకు కావలసిన కాగితాన్ని వాళ్లు ఇవ్వలేరు.

మరి ఎవరికి ఇవ్వాలి?

ప్రభుత్వం దగ్గర నమోదైన వాహన తుక్కు కేంద్రానికి. వాడుకలో వీటిని ఆర్‌వీఎస్‌ఎఫ్‌లు అంటారు. వీటి నమోదు ఎలా, ఇవి ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నదానికి కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 సెప్టెంబరులో నిబంధనలు తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో మొదలైన వాహన తుక్కు విధానంలో ఇది ముఖ్యమైన భాగం.

బండి ఎక్కడ రిజిస్టరైనా దేశంలోని ఏ నమోదిత కేంద్రానికైనా ఇవ్వవచ్చు. విజయవాడ నంబరు బండి హైదరాబాద్‌లో ఉంటే, తుక్కు కోసం దాన్ని విజయవాడకు తోలక్కర్లేదు. కేంద్రాల జాబితా కేంద్ర రోడ్డు రవాణా శాఖ వారి పరివాహన్ సైటులోని వీ-స్క్రాప్ పోర్టల్‌లో ఉంటుంది, దరఖాస్తు కూడా అక్కడే పెట్టుకోవచ్చు. కంప్యూటరు తెలియనివాళ్లకు కేంద్రం సిబ్బందే దరఖాస్తు నింపిపెట్టాలి, అది వాళ్ల పనుల్లో ఒకటి.

ఫోన్ చేసి "మేం ఆథరైజ్డ్ అండీ" అనేవాళ్లలో చాలామంది మధ్యవర్తులే. అందులో తప్పేం లేదు. కాకపోతే సర్టిఫికెట్ ఏ కేంద్రం పేరు మీద వస్తుందో ముందే అడగండి. ఆ పేరు జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి. పేరు చెప్పడానికి తటపటాయిస్తే వాళ్లతో బేరం వద్దు.

బండికి 15 ఏళ్లు నిండాయి. ఇక తప్పనిసరిగా తుక్కుకే ఇవ్వాలా?

అవసరం లేదు. ఇంతగా తప్పుగా ప్రచారమైన సంగతి ఈ విషయంలో ఇంకొకటి లేదు. సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. ఖర్చు మాత్రం పెరిగింది. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 600 రూపాయల నుంచి 5,000కు, మోటారు సైకిల్ ఫీజు 300 నుంచి 1,000కి చేరింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో మళ్లీ పెంచారు: కారుకు 10,000, మోటారు సైకిల్‌కు 2,000. దీనికి తోడు గ్రీన్ ట్యాక్స్, అంటే పాత బండ్ల మీద వేసే పర్యావరణ పన్ను.

పదేళ్లు దాటిన డీజిల్ బండి తిరగకూడదన్న మాట ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్సీఆర్ ప్రాంతానికి సంబంధించినది. జాతీయ హరిత ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు ఉత్తర్వుల నుంచి వచ్చిన నియమం అది. దాన్ని చూపించి "మీ డీజిల్ కారు ఇక చెల్లదు, ఎంతోకొంతకు ఇచ్చేయండి" అని భయపెట్టే బ్రోకర్లు మన దగ్గరా ఉన్నారు. నమ్మకండి. 15 ఏళ్లు దాటితే రెన్యువల్ లేకుండా పక్కన పెట్టాలన్న నియమం కూడా ఉంది, కానీ అది 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ వాహనాలకు వర్తించేది.

బండి కండిషన్‌లో ఉంటే, మీకు అవసరం ఉంటే రెన్యువల్ చేయించుకుని వాడుకోండి. బాగున్న బండిని వయసు చూసి తుక్కు చేయమని ఎవరికీ చెప్పం.

రిజిస్ట్రేషన్ గడువు ముగిసి చాలా కాలమైంది, బండి ఇంట్లోనే పడి ఉంది. అలాగే ఉంచేస్తే?

2025 ఏప్రిల్ 1 నుంచి కాలం చెల్లిన వాహనాలపై పర్యావరణ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. రిజిస్ట్రేషన్ చెల్లకుండా పోయినా, ఫిట్‌నెస్ పరీక్షలో తప్పినా, యజమానే ఇక వద్దనుకున్నా అది కాలం చెల్లిన వాహనమే. అలా అయిన నాటి నుంచి 180 రోజుల్లోగా దాన్ని తుక్కు కేంద్రానికి గాని, తయారీదారు సూచించిన సేకరణ కేంద్రానికి గాని అప్పగించాల్సిన బాధ్యత యజమానిది. మరమ్మతు చేయించి రెన్యువల్‌కు వెళ్తారో, తుక్కుకు ఇస్తారో తేల్చుకోండి. ఊరికే పడి ఉన్నకొద్దీ బాకీలు పెరుగుతాయి, బండి విలువ తరుగుతుంది, ఎలుకలు వైరింగ్ కొరుకుతాయి.

ఏయే కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

ఒరిజినల్ ఆర్సీ, యజమాని గుర్తింపు, చిరునామా కాగితాలు, పాన్ కార్డు, డబ్బు పడాల్సిన ఖాతా తాలూకు క్యాన్సిల్డ్ చెక్కు. మీరు స్వయంగా వెళ్లలేకపోతే, మీ తరఫున వెళ్లేవారికి సంతకం చేసిన అధికార పత్రం. కంపెనీ పేరు మీదున్న బండి అయితే లెటర్‌హెడ్ మీద అధికారిక సంతకంతో లేఖ.

ప్రతి జిరాక్సు మీద "ఫలానా నంబరు వాహనాన్ని తుక్కుకు ఇచ్చేందుకు మాత్రమే" అని రాసి తేదీ వేసి సంతకం పెట్టండి. ఆధార్ కాపీ ఎక్కడికి పోయి ఎక్కడ తేలుతుందో తెలియని రోజులివి, ఈ ఒక్క వాక్యం రాయడానికి బద్ధకించకండి.

ఆర్సీ పోయింది. లోన్ ఎప్పుడో తీరింది గానీ ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది. చలాన్లు కూడా ఉన్నాయి.

దరఖాస్తు ముందుకు కదలనిది ఇలాంటివాటి దగ్గరే. బ్యాంకు తాకట్టు, కట్టని బాకీలు, బండి మీద కేసు, బ్లాక్‌లిస్టు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా దరఖాస్తు ఆగిపోతుంది. దొంగ బండ్ల జాబితాతో కూడా సరిచూస్తారు.

ఆర్సీ పోతే పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ రసీదుతో ఆర్టీఓ దగ్గర ఫారం 26 ఇచ్చి డూప్లికేటు తీసుకోవాలి. తుక్కుకిచ్చే బండికి మళ్లీ ఆర్సీ ఎందుకని విసుగు రావడం సహజమే. అయినా అసలు ఆర్సీ ఎవరి చేతిలో ఉందో తెలియకుండా బండిని మాత్రం అప్పగించడం మీకే ముప్పు.

లోన్ విషయంలో బ్యాంకు నుంచి ఎన్ఓసీ, రెండు పక్షాలూ సంతకం చేసిన ఫారం 35 తీసుకుని ఆర్టీఓలో తాకట్టు తొలగించుకోవాలి. లోన్ ఇచ్చిన సంస్థ వేరే సంస్థలో కలిసిపోయి ఉంటే, ఇప్పుడు దాని ఖాతాలు ఎవరు చూస్తున్నారో వాళ్లే ఎన్ఓసీ ఇవ్వాలి. ఎక్కువ ఆలస్యమయ్యేది ఇక్కడే కాబట్టి బండి ఎత్తేవాళ్లకు ఫోన్ చేయకముందే ఈ పని మొదలుపెట్టండి. చలాన్లు ఆన్‌లైన్‌లో కట్టేయవచ్చు. మీవి కావనిపిస్తే ఫోటో చూసి అభ్యంతరం పెట్టండి. అదే నంబరుతో ఇంకో బండి తిరుగుతోందని ఇలా చలాన్ల ద్వారానే బయటపడిన సందర్భాలున్నాయి.

బండి మా నాన్నగారి పేరు మీద ఉంది. ఆయన చనిపోయారు. మేం ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు. మరణ ధృవీకరణ పత్రం, మీరు వారసులని చూపే పత్రం కావాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్ల నుంచి అభ్యంతరం లేదన్న అఫిడవిట్ నోటరీ చేయించి దగ్గర పెట్టుకోండి. బండి విలువ ఎంత తక్కువైనా, నాన్న బండిని నాకు చెప్పకుండా అమ్మేశారన్న మాట ఇంట్లో రాకూడదు. డబ్బు ఎవరి ఖాతాలో పడాలో కూడా ముందే అనుకోండి.

ఇంటి పెద్ద వాడిన బండిని పంపేయడం కొందరికి చాలా కష్టంగా ఉంటుంది. తొందరపెట్టం. స్టీరింగు మీది బొమ్మో, లోగోనో, నంబరు ప్లేటుతో ఒక ఫోటోనో గుర్తుగా ఉంచుకోండి. నంబరు ప్లేటును మాత్రం ఉంచుకోకూడదు, అది బండితోనే వెళ్లాలి.

ఎంత వస్తుంది?

మీరు అనుకున్నదానికంటే తక్కువే వస్తుంది. తుక్కు విధానం ప్రకటించినప్పుడు కొత్త బండి ఎక్స్‌షోరూం ధరలో 4 నుంచి 6 శాతం వరకు రావచ్చని ప్రభుత్వం సూచించింది. అది అంచనాయే, తప్పనిసరి ధర ఏమీ లేదు. రేటు మీకూ కేంద్రానికీ మధ్య బేరమే.

కేంద్రం లెక్క బరువుతో మొదలవుతుంది. కారు బరువులో మూడింట రెండు వంతుల దాకా ఇనుము, ఉక్కే. అందుకే ఇనుము ధర పెరిగితే మీ రేటూ పెరుగుతుంది. ఆ పైన అల్యూమినియం, రాగి వైర్లు, బ్యాటరీ, సైలెన్సర్ గొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్. కన్వర్టర్‌లో ప్లాటినం, పలాడియం, రోడియం లాంటి విలువైన లోహాలు కొద్దికొద్దిగా ఉంటాయి, అరచేతుల్లో పట్టేంత వస్తువే అయినా దాని ధర వేరు. పాత బండ్లలో దాన్ని మెకానిక్ ఎప్పుడో తీసేసి ఉండొచ్చు, చూసుకోండి.

కనీసం రెండు మూడు కేంద్రాలను అడగండి. అడిగేటప్పుడు "ఎంతిస్తారు" అని ఊరుకోకుండా, కిలోకి ఎంత, ఏ బరువు లెక్క, ఆర్సీలో ఉన్న బరువా, కాటా మీద తూచినదా, బండి ఎత్తుకెళ్లే ఖర్చు ఎవరిది, కాగితాల పనికి ఏమైనా కోస్తారా అని అడగండి. ఒకరు చెప్పిన పెద్ద అంకెలోంచి క్రేన్ ఛార్జీలు పోతే, ఇంకొకరు చెప్పిన చిన్న అంకే మేలనిపించవచ్చు. డబ్బు బ్యాంకు ఖాతాకే రావాలి. బండి క్రేన్ ఎక్కక ముందే అడ్వాన్సయినా పడాలని అడగడం మీ హక్కు, మొహమాటపడకండి.

బండి కదలదు. ఎలా తీసుకెళ్తారు? ఆ రోజు నేనేం చేయాలి?

కదలని బండ్లే ఎక్కువ కాబట్టి వాళ్లకిది కొత్త కాదు. వాళ్లకు ముందే చెప్పాల్సినవి ఉన్నాయి: టైర్లలో గాలి ఉందా, చక్రాలు తిరుగుతున్నాయా, హ్యాండ్‌బ్రేక్ పట్టేసిందా, తాళంచెవి ఉందా, బండి ఎక్కడుంది. సెల్లార్‌లో ఉంటే పైకప్పు ఎంత ఎత్తో తప్పకుండా చెప్పండి. పెద్ద టోయింగ్ లారీ లోపలికి రాక, చివరికి నలుగురిని పెట్టి ర్యాంపు మీదికి తోయించాల్సి వస్తే ఆ కూలి మీ మీదే పడుతుంది.

ముందు రోజే బండి లోపలంతా ఖాళీ చేయండి. డ్యాష్‌బోర్డు అరలో పాత ఇన్సూరెన్స్ కాగితాలు, సీటు కింద సర్వీసు బిల్లులు, డ్యాష్‌క్యామ్ మెమరీ కార్డు, స్టెప్నీ పక్కన ఎప్పుడో పెట్టి మరచిన సామాను. మ్యూజిక్ సిస్టంలో మీ ఫోన్ కాంటాక్టులు నిల్వ ఉంటే చెరిపేయండి. గేటు పాస్ స్టిక్కర్లు గీకేయండి. ఫాస్టాగ్‌ను చింపేయడం చాలదు, బ్యాంకుకు చెప్పి మూసేయించండి. మిగిలిన డబ్బు వెనక్కి వస్తుంది.

బండి ఎక్కించేటప్పుడు నాలుగు వైపులా, ఓడోమీటరు, ఛాసిస్ నంబరు ఫోటోలు తీయండి. ఎత్తుకెళ్లే లారీ నంబరు, డ్రైవరు ఫోన్ నంబరు రాసుకోండి. తేదీ, సమయంతో అప్పగింత రసీదు మీద సంతకం తీసుకోండి. దారిలో ఆ బండికి ఏదైనా జరిగితే అప్పటికి అది మీ చేతిలో లేదని చూపేది ఆ రసీదే. ఖాళీ కాగితాల మీద, నింపని ట్రాన్స్‌ఫర్ ఫారాల మీద సంతకాలు అడిగితే ఒప్పుకోకండి. తుక్కు చేయడానికి ట్రాన్స్‌ఫర్ ఫారాలతో పనిలేదు, అమ్మడానికి ఉంటుంది.

బ్యాటరీ, టైర్లు, స్టీరియో నేనే తీసుకుని మిగతాది ఇవ్వవచ్చా?

స్టీరియో, సీటు కవర్లు, మీరు తర్వాత బిగించుకున్న వస్తువులు తీసుకోండి, ఎవరూ కాదనరు. ఇంజను, గేర్‌బాక్సు, కన్వర్టర్ లాంటివి తీసేస్తే రేటు బాగా కోస్తారు. కొన్ని కేంద్రాలు అసలు తీసుకోవు. ఛాసిస్ నంబరున్న భాగాన్ని ముట్టుకోనే వద్దు.

ఇంజను ఆయిలు, కూలెంటు మీరే వంపేయకండి. డ్రైనేజీలో పోసిన ఆయిలు ఎక్కడికీ పోదు, మీ వీధి బోరు నీళ్లలోకే చేరుతుంది.

వాళ్లు బండిని ఏం చేస్తారు? ఎక్కడ ముక్కలు చేసినా ఒకటే కదా?

ఒకటి కాదు. ఇది తెలిస్తే ధరలో కొద్ది తేడా మీకు పెద్దగా బాధనిపించదు.

పద్ధతి లేని చోట మొదట పైపులు కోస్తారు. ఏసీ గొట్టం తెగగానే బుస్సుమని ఒక చప్పుడు, రెండు క్షణాల్లో ఆగిపోతుంది. గాలిలో కలిసిన ఆ గ్యాస్ చాలా కార్లలో ఆర్-134ఏ రకం. ఒక కిలో గ్యాస్ వందేళ్లలో భూమిని వేడెక్కించే శక్తి, సుమారు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇంకా పాత కార్లలో ఆర్-12 ఉండేది, అది ఓజోన్ పొరనే తినేసే రకం. తర్వాత ఇంజను కింద బోల్టు విప్పితే నల్లటి ఆయిలు మట్టిలోకి ఇంకుతుంది. బ్యాటరీని సుత్తితో పగలగొట్టి ఆమ్లం పారబోసి సీసం పలకలు ఏరుకుంటారు. చేతులకు తొడుగులుండవు. ఆ దుమ్ము బట్టల మీద ఇంటికి వెళ్తుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందన్నది ఎప్పుడో తేలిన సంగతి. వైర్ల మీది ప్లాస్టిక్‌ను కాల్చి రాగి తీస్తారు. ఆ పొగ చుట్టుపక్కల ఇళ్లన్నీ పీలుస్తాయి.

నమోదిత కేంద్రంలో వరస వేరు. ముందు బ్యాటరీ విప్పుతారు. గ్యాస్‌ను యంత్రంతో సిలిండర్‌లోకి లాగుతారు. ఆయిలు, బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంటు, ఇంధనం వేటికవే వేరు డబ్బాల్లోకి. ఎయిర్‌బ్యాగులను పేలకుండా తీసేస్తారు, లేదా అదుపులో పేల్చేస్తారు. వాటిలోని రసాయనం చేతుల్లో పేలితే మనిషి ప్రాణం పోవచ్చు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ సిలిండర్లను ఖాళీ చేశాకే గ్యాస్ కట్టర్ దగ్గరికి రానిస్తారు. అన్నీ అయ్యాక బాడీని నొక్కి ఉక్కు కొలిమికి పంపుతారు. బ్యాటరీలు, టైర్లు, వాడిన ఆయిలు ఎవరికి పంపాలో వాటి వాటి నిబంధనలు వేరుగా ఉన్నాయి.

ఛాసిస్ నంబరు చెక్కిన ముక్కను కోసి ఆరు నెలలు భద్రపరచాలన్నది నిబంధన. ఈ పద్ధతి మీ కోసమే. నంబరున్న ఇనుప ముక్క కేంద్రం బీరువాలో ఉందంటే ఆ నంబరుతో ఇంకో బండి పుట్టదు.

సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇచ్చారు. ఇదే చివరి కాగితమా?

చివరిది కాదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. డిపాజిట్ సర్టిఫికెట్ అంటే బండిని మీరు అప్పగించారు, వాళ్లు స్వీకరించారు అని. కొత్త బండి మీద రాయితీలకు పనికొచ్చేది ఇదే. బండిని నిజంగా ముక్కలు చేశాక ఇచ్చేది ఇంకొకటి, వాహనం తుక్కు చేసినట్టు సర్టిఫికెట్. దాని ఆధారంగానే రిజిస్ట్రేషన్ రద్దు నమోదవుతుంది. రెండూ తీసుకోండి. తర్వాత ఎంపరివాహన్ యాప్‌లోనో రాష్ట్ర రవాణా శాఖ సైటులోనో మీ నంబరు కొట్టి స్థితి చూడండి. ఇంకా యాక్టివ్‌గానే కనబడితే రెండు సర్టిఫికెట్ల కాపీలతో ఆర్టీఓకు రాతపూర్వకంగా తెలిపి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం బండి నాశనమైతే 14 రోజుల్లో గాని, వీలైనంత త్వరగా గాని యజమాని తెలపాలి.

కొత్త బండి కొంటే రాయితీలు ఏమొస్తాయి?

డిపాజిట్ సర్టిఫికెట్ చూపిస్తే కొత్త బండి రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు. రోడ్డు పన్నులో సొంత వాహనాలకు 25 శాతం దాకా, రవాణా వాహనాలకు 15 శాతం దాకా తగ్గించవచ్చని కేంద్రం వీలు కల్పించింది. ఎంత, ఏ షరతులతో అన్నది రాష్ట్రాల ఉత్తర్వుల్లో ఉంటుంది కాబట్టి షోరూంలో డబ్బు కట్టేముందే ఆర్టీఓలో కనుక్కోండి. తయారీ కంపెనీలు కొన్ని విడిగా డిస్కౌంటు ఇస్తున్నాయి. అడగనిదే చెప్పరు. మీరు కొత్త బండి కొనకపోతే ఈ సర్టిఫికెట్‌ను ఇంకొకరికి బదిలీ చేసే వీలు కూడా ఉంది. దాని మీద గడువు తేదీ ఉంటుంది, చూసుకోండి.

ఇన్సూరెన్స్ ఇంకా ఉంది. ఏం చేయాలి?

బండి మీ చేతి నుంచి వెళ్లకముందే రద్దు చేయకండి, టోయింగ్ రోజు వరకు ఉండనివ్వండి. సర్టిఫికెట్ వచ్చాక రద్దు చేయించి, మీకు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఉంటే దాన్ని నిలుపుకునే లేఖ అడగండి. బోనస్ 50 శాతం దాకా ఉంటుంది, ఆ లేఖతో మూడేళ్లలోపు కొనే మీ తర్వాతి బండికి వాడుకోవచ్చు. తుక్కు రేటు కోసం గంటసేపు బేరమాడి, అంతకంటే ఎక్కువ విలువైన ఈ కాగితాన్ని వదిలేసుకునేవాళ్లు ఎందరో.

ప్రమాదంలో బండి పూర్తిగా పోయింది. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ అన్నారు.

మరమ్మతు ఖర్చు పాలసీలో రాసిన విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్‌గా లెక్కిస్తారు. అప్పుడు శిథిలమైన బండిని కొనడానికి ఎవరో ఒకరు వస్తారు, మంచి రేటూ చెబుతారు. ఇనుముకి అంత రేటు ఎందుకొస్తుందని ఒక్కసారి ఆలోచించండి. పైన చెప్పిన ఛాసిస్ నంబరు మోసానికి ముడిసరుకు ఇలాంటి బండ్లే. క్లెయిమ్ సొమ్ము కోసం తొందరపడి ఆర్సీ చేతికిచ్చేయకుండా, రిజిస్ట్రేషన్ రద్దు ఎవరు చేయిస్తారు, కాగితం ఎప్పుడిస్తారు అన్నది ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

కొన్నేళ్ల క్రితం ఇనుము సామానువాళ్లకు ఇచ్చేశాను. ఇప్పుడు భయమేస్తోంది.

భయపడి ఊరుకోవడం కంటే ఇప్పుడైనా కదలడం మేలు. మీ నంబరు మీద కొత్త చలాన్లు, ఇన్సూరెన్స్ ఏమైనా వచ్చాయేమో చూడండి. వస్తే బండి ఎక్కడో తిరుగుతోందన్నమాట, వెంటనే పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఏమీ లేకపోయినా, ఎప్పుడు, ఎవరికి, ఎంతకు ఇచ్చారో గుర్తున్నంత వరకు రాసి, ఆర్సీ మీ దగ్గరుంటే దాంతో పాటు ఆర్టీఓకు ఇచ్చి రద్దు కోరండి. పాత ఫోన్‌లో ఆ రోజు మెసేజ్, బ్యాంకులో పడిన సొమ్ము వివరం, ఏదున్నా జత చేయండి. వెంటనే రద్దు కాకపోవచ్చు, ఏవో కాగితాలు అడుగుతారు. అయినా ఆ దరఖాస్తు మీద పడిన ఆర్టీఓ ముద్ర, రేపు అవసరమైతే మీరు దాచలేదని చెప్పే సాక్ష్యం.

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరిదో బండి ఏళ్లుగా పడి ఉంది. అసోసియేషన్ తుక్కుకు ఇచ్చేయవచ్చా?

యజమాని కాని వాళ్లు ఇవ్వడానికి వీల్లేదు. ముందు నంబరు ద్వారా యజమానిని వెతికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. జవాబు రాకపోతే పోలీసులకు తెలపండి, అది దొంగ బండి కూడా కావచ్చు. రోడ్డు మీద వదిలేసిన బండి అయితే పని సులువు. బహిరంగ స్థలంలో పది గంటలకు పైగా వదిలేసిన వాహనాన్ని తొలగించే అధికారం మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ కింద పోలీసులకు ఉంది.

మా తాతగారి పాత కారు ఉంది, 1960ల నాటిది. ఇచ్చేయమంటారా?

ఆగండి. 50 ఏళ్లు దాటి, మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉన్న ద్విచక్ర వాహనాలకు, కార్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ 2021 నుంచి ఉంది. రోజువారీ తిరగడానికి వీలుండదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకెళ్లవచ్చు. అలాంటి బండికి పాత కార్లు బాగుచేసే ఔత్సాహికులు తుక్కు ధరకు ఎన్నో రెట్లు ఇస్తారు. అమ్మితే మాత్రం పేరు మార్పిడి పూర్తయ్యాకే తాళాలివ్వండి.